మనసు వైద్యం: మందులు, మాటలు, యోగా, ధ్యానం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఒక చిన్న గదిలో కూర్చుని మనుషులు చెప్పేది వినడం నా పని. చదివింది క్లినికల్ సైకాలజీ. ఫోన్లో అడిగేవి, బయట బెంచీ మీద కూర్చుని అడిగేవి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగేవి ఏళ్ల తరబడి దాదాపు ఇవే ప్రశ్నలు. చాలామందికి అసలు సందేహం గుమ్మం దగ్గరే గుర్తొస్తుంది. అప్పటికి టైము అయిపోతుంది. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను. ఎక్కడి నుంచి చదివినా ఫర్వాలేదు.

"మందులొద్దండీ, ధ్యానం నేర్పండి చాలు" అని ఒకరొస్తారు. "ఈ మాటలతో ఏమవుతుంది, మాత్ర ఉంటే చెప్పండి" అని ఇంకొకరు. నేను చూసినంతలో మాత్రకీ మాటకీ ఊపిరికీ ప్రార్థనకీ మధ్య తగువేమీ లేదు. దేని పని దానిది, దేని వేళ దానిది. పనిచేస్తోందో లేదో తేల్చేది మీ దినచర్యే: నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, స్నానం చేయాలనిపిస్తోందా, పక్కింటావిడ పలకరిస్తే బదులివ్వగలుగుతున్నారా.

చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడే తిరుగుతుంటే ముందు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మిగతాది తర్వాత చదవచ్చు.

## ఇది జబ్బేనా అని తేల్చుకునేటప్పుడు

నాకు ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా పొద్దున లేవగానే ఏడుపొస్తోంది. దీన్ని జబ్బంటారా?

లోటుంటేనే దిగులు రావాలని లేదు. బెంగ, రంది, మనాది అని ఊరికో పేరుతో పిలుచుకునే మామూలు బాధకీ డిప్రెషన్‌కీ ఒక తేడా ఉంది. మామూలు బాధలో మనవడు వచ్చి ఒళ్లో కూర్చుంటే కాసేపైనా ముఖం విప్పారుతుంది. డిప్రెషన్‌లో అదీ జరగదు. ఇష్టమైనవి రుచించకపోవడం, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేయడం, ఆకలి చచ్చిపోవడం, "నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అనిపించడం, ఇవి దాదాపు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే చూపించుకోవాలి. ముందుగా థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు చేయించండి. ఈ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా మనిషి అచ్చం ఇలాగే నీరసించిపోవచ్చు.

డాక్టరు గారు నరాల బలహీనత అని సూదులు వేశారు, టానిక్ ఇచ్చారు. గుండె దడ, ఒళ్లు నొప్పులు తగ్గలేదు. ఇంకా పెద్ద ఆస్పత్రికి వెళ్లాలా?

మనవాళ్లలో మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధగానే బయటపడుతుంది. "నాకు దిగులుగా ఉంది" అని చెప్పుకోలేని ఇంట్లో తలనొప్పి, గుండెల్లో మంట, అరికాళ్ల మంటలు, కడుపులో తిప్పడం, ఇవే ఆ మాట చెబుతాయి. నొప్పి మాత్రం నిజమైనదే, నటన కాదు. ఒకసారి ఈసీజీ, రక్తపరీక్షలు చేయించి గుండె బాగుందని తేలాక మళ్లీ మళ్లీ స్కానింగులకు డబ్బు పోయడం ఆపండి. ఉన్నట్టుండి దడ మొదలై, చెమటలు పట్టి, ఇక ప్రాణం పోతుందనిపించి, పది నిమిషాల్లో తారస్థాయికి చేరి తర్వాత తగ్గిపోతుంటే అది పానిక్ అటాక్ కావచ్చు. బాగా నయమయ్యే ఇబ్బందుల్లో అదొకటి.

నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అమ్మ ఇంకా రోజూ ఏడుస్తోంది. మందులు ఇప్పించాలా?

ఏడవడం ఒక్కటే అయితే అక్కర్లేదు. ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి. మన పెద్దలు పెట్టిన మాసికాలు, సంవత్సరీకం ఊరికే పెట్టలేదని ఈ గదిలో కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది. నెలకోసారి ఆయన పేరు చెప్పి, ఆయనకిష్టమైన కూర వండి, నలుగురూ తలుచుకునే రోజంటూ ఒకటి ఉంటుంది. దుఃఖానికి ఇంట్లో ఒక చోటు దొరుకుతుంది. ఇప్పుడు అందరూ ఊళ్లు మారిపోయి పదకొండో రోజు, పన్నెండో రోజు కాగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతున్నారు. ఆ తర్వాతి మూడొందల రోజులు ఆ మనిషి ఒక్కతే మోస్తోంది.

చూడాల్సింది ఏడుపును కాదు, దిశను. మొదటి నెలకంటే ఇప్పుడు కొద్దిగానైనా తిండి, నిద్ర, మాట మెరుగుపడ్డాయా? పడితే కాలం తన పని చేస్తోంది. పోయిన రోజు ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉండి, ఆయన గది తలుపు తెరవలేక, బతికి ఏం లాభం అంటుంటే దాన్ని దీర్ఘశోకం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దానికి ఆరు నెలల గడువు, అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో ఏడాది. దానికి మాత్ర కంటే దుఃఖం గురించి ప్రత్యేకంగా చేసే థెరపీ, అంటే మాటల వైద్యం, ఎక్కువ సాయపడుతుంది.

మా చెల్లికి గాలి సోకిందంటున్నారు. భూతవైద్యుడి దగ్గరికా, ఆస్పత్రికా?

ఉన్నట్టుండి మాట తడబడి, జ్వరంతో పాటు మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. గంటల్లో ఎమర్జెన్సీకి చేర్చాలి. ఎవరో తిడుతున్నట్టు వినిపించడం, అన్నంలో విషం కలిపారనడం, రాత్రంతా తనలో తాను మాట్లాడుకోవడం వారాల తరబడి ఉంటే సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి, అనుమానించాలి. ఇందులో ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

బోనాల్లో, జాతరలో అమ్మవారు పూనడం వేరు. అది ఆ వేళకు వచ్చి, ఆ వేళకు పోతుంది, ఆ మనిషి మర్నాడు మామూలుగా పనికి వెళ్తుంది. దాన్ని మానసిక వైద్యం కూడా జబ్బు కింద లెక్కకట్టదు.

మీ తృప్తికి తాయెత్తు కట్టించుకుంటే నాకు అభ్యంతరం లేదు. కట్టేయడం, కొట్టడం, పొగ పట్టడం, పస్తులుంచడం మాత్రం ఒప్పుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఇలాంటి చోట గొలుసులతో కట్టేసిన రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని ఇప్పుడు చట్టం నిషేధించింది.

## ఎవరి దగ్గరికి వెళ్లాలో వెతుక్కునేటప్పుడు

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్ ముగ్గురూ ఒకటేనా?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. మన దేశంలో వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. నంబరు అడగండి, అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర ఉండకండి. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం రెండేళ్లు చదివినవాళ్లూ పెడతారు, రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్లొచ్చినవాళ్లూ పెడతారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడగడం మీ హక్కు.

అక్కడికి వెళ్తే పిచ్చి అని ముద్ర పడదా? రేపు పెళ్లి సంబంధాలకు తెలిస్తే?

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. మన ఊళ్లలో ఆ ముద్ర నిజంగానే వేస్తారు. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యుడిది, ఆస్పత్రిది. పెళ్లివారు ఫోన్ చేసి ఆరా తీస్తే చెప్పకూడదు. పక్క ఊళ్లోనో, ఫోన్లోనో, వీడియోలోనో చూపించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో తప్పేం లేదు. వైద్యం లేకుండా ముదరబెట్టుకున్న జబ్బు దాచినా దాగదని మాత్రం గుర్తుంచుకోండి.

సెషన్‌కి డబ్బులు పెట్టుకోలేం. మాలాంటివాళ్లకు దారేంటి?

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రులకూ సేవలు చేరాయి. పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకోండి, రద్దీ ఎక్కువ, మాట్లాడే సమయం తక్కువ, మందులు మాత్రం ఉచితం. మాటల సాయానికి 14416 వాడుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే మానసిక వ్యాధికీ శారీరక వ్యాధితో సమానంగా కవరేజీ ఇవ్వాలని 2017 చట్టంలోనే ఉంది. కాకపోతే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి.

అమెరికాలో ఉంటున్నాం. తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారా?

ప్రాణం మీదికొచ్చిన సమయంలో అక్కడి నంబరు 988. తెలుగు కావాలంటే దుబాసీని లైన్లోకి తెమ్మని అడగవచ్చు. క్రమం తప్పని థెరపీకి మీరున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్లనే చూసుకోవాలి, తెలుగువాళ్లు కొందరున్నారు. ఇంగ్లీషులో ఆఫీసు పని చక్కబెట్టుకునేవాళ్లు కూడా అత్తగారి మాట గుచ్చుకున్న సంగతి ఇంగ్లీషులో చెప్పలేక తడబడతారు. తెలుగు థెరపిస్టు కోసం నాలుగు వారాలు ఎదురుచూడటం దండగ కాదు.

## మాటల వైద్యం మొదలయ్యాక

ఊరికే మాట్లాడితే ఏం తగ్గుతుంది? అవే మాటలు మా అక్కకీ చెప్పుకుంటాను కదా?

అక్కకి చెప్పుకోండి, అదీ మందే. అక్క దగ్గర రెండు ఇబ్బందులున్నాయి. ఆమె మీ పక్షాన ఉంటుంది కాబట్టి మీ ఆలోచనలో మెలిక ఎక్కడుందో పట్టుకోలేదు. పైగా మీ బాధ ఆమెకీ బాధే, అందుకే తొందరగా సలహా ఇచ్చి ముగించాలనుకుంటుంది. థెరపిస్ట్ సలహాలివ్వడం తక్కువ. ఒకే బాధ మీ జీవితంలో ఏయే వేషాల్లో తిరిగొస్తోందో మీకే కనిపించేలా చేయడం, ఆ చోట కొత్తగా ఒకటి చేసి చూసే ధైర్యం ఇవ్వడం ఆ పని. కూర్చున్న 45, 50 నిమిషాలూ ఎవరి కాఫీ గురించీ మీరు లేవక్కర్లేదు. చాలామంది ఆడవాళ్లకు జీవితంలో అలాంటి గంట అదే మొదటిది.

సీబీటీ అంటున్నారు. అదేంటి, ఎన్ని వారాలు?

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచననీ చేతనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ రూపుదిద్దిన పద్ధతి. ఒక ఉదాహరణ చెబుతాను. భర్త ఫోనెత్తలేదు. వెంటనే "నేనంటే లెక్కలేదు" అన్న ఆలోచన. గుండె బరువెక్కుతుంది. అన్నం తినకుండా పడుకుంటారు. ఆయన వచ్చేసరికి ఇల్లంతా చీకటి, మాట లేదు, గొడవ. రాత్రికి "చూశావా, నేననుకున్నదే నిజం" అని తేలుతుంది. సంఘటన, ఆలోచన, భావం, చేత, ఈ నాలుగింటినీ ఒక నోటుపుస్తకంలో విడివిడిగా రాయించి, ఆ ఆలోచనకు సాక్ష్యం ఎంత, ఇంకో కారణం ఉండొచ్చా అని పరీక్షించడం నేర్పుతారు. "పాజిటివ్‌గా ఆలోచించు" అనడానికీ దీనికీ సంబంధం లేదు. ఆయన నిజంగానే లెక్కచేయని మనిషైతే, ఆ సంగతీ ఈ పుస్తకంలోనే తేలుతుంది. సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 20 సెషన్లు. ఇంటి దగ్గర రాయమన్నది రాయకపోతే సగం ఫలితమే.

మొదటి సెషన్ తర్వాత ఇంకా ఎక్కువ ఏడ్చాను. నాకిది పడట్లేదా?

మూసిన గదిని ఊడిస్తే ముందు దుమ్ము లేస్తుంది. ఒకటి రెండు రోజులు బరువుగా ఉండటం సహజం. ఆ రోజు సెషన్ తర్వాత వెంటనే ఆఫీసుకో, ఫంక్షన్‌కో వెళ్లేలా పెట్టుకోకండి. నాలుగైదు సెషన్లయినా ప్రతిసారీ కుంగిపోయే బయటికొస్తుంటే, లేదా మిమ్మల్ని తప్పుపడుతున్నట్టు, మీ కులాన్నో మతాన్నో తక్కువ చేస్తున్నట్టు అనిపిస్తే అదే మాట వాళ్లతో చెప్పండి. కుదరకపోతే మనిషిని మార్చండి.

చిన్నప్పుడు జరిగిన ఒక ఘోరం మర్చిపోలేకపోతున్నాను. కళ్లు కదిలించి నయం చేస్తారట, నిజమేనా?

నిజమే. ఈఎండీఆర్ అంటారు. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్ట్ మొదలుపెట్టారు. ఆ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ వేలి కదలికను కళ్లతో అనుసరిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో దీన్నీ, మనసుకి తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీనీ సూచించింది. కళ్ల కదలికే పనిచేస్తోందా, జ్ఞాపకాన్ని భద్రమైన చోట మళ్లీ ఎదుర్కోవడం పనిచేస్తోందా అని పండితుల మధ్య వాదన ఉంది. మీకు ముఖ్యమైన సంగతి వేరు: మొదటి రోజే ఆ సంఘటన మొత్తం చెప్పమని ఒత్తిడి చేసేవాళ్ల దగ్గర చేయించుకోకండి. ముందు మనసును నిలకడగా ఉంచుకోవడం నేర్పాలి.

గతజన్మలోకి తీసుకెళ్లి కారణం చూపిస్తామంటున్నారు. వెళ్లనా?

వద్దు. అది నయం చేస్తుందనడానికి ఆధారం లేదు. ఆ మగత స్థితిలో, అడిగే ప్రశ్నల వల్ల జరగనివి జరిగినట్టు జ్ఞాపకాలు తయారవుతాయి. తండ్రి మీద, తోబుట్టువుల మీద లేనిపోని అనుమానాలతో తిరిగొచ్చినవాళ్లను చూశాను. వాళ్ల ఇళ్లు మళ్లీ అతుక్కోలేదు.

## మందుల సందేహాలు

ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలటగా? అలవాటైపోతుందా?

మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కి సాధారణంగా మనిషి పూర్తిగా కుదుటపడ్డాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గించి ఆపుతారు. బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే జబ్బు) అయితే చాలామందికి దీర్ఘకాలం అవసరం, బీపీకి వాడినట్టే. డిప్రెషన్ మందులు మత్తు అలవాటు చేయవు, రోజురోజుకీ మోతాదు పెంచమని ఒళ్లు అడగదు. అయితే ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం జరుగుతుంది. అందుకే మెట్లుమెట్లుగా దించాలి.

పది రోజులైంది, ఏ తేడా లేదు. పైగా కడుపులో తిప్పుతోంది. ఆపేయనా?

ఆపకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. కష్టం ఏంటంటే ఈ మందుల్లో ఇబ్బందులు ముందొస్తాయి, మేలు తర్వాతొస్తుంది. వికారం, నిద్ర తేడాలు మొదటి వారం పది రోజుల్లో ఉండి చాలామందికి సర్దుకుంటాయి. మనసు తేలికపడటం రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య మొదలై, పూర్తి ఫలితానికి ఆరు వారాలు కూడా పడుతుంది. తరచుగా మొదట మెరుగుపడేది నిద్ర, ఆకలి. మీకు తెలియకముందే ఇంట్లోవాళ్లు గమనిస్తారు. పాతికేళ్లలోపు పిల్లలు మొదటి వారాల్లో మరీ అసహనంగా, చావు మాటలు మాట్లాడుతుంటే అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

నిద్రమాత్ర మెడికల్ షాపులో అడిగితే ఇస్తున్నారు. అది చాలదా?

అల్ప్రాజోలామ్ లాంటివి అసలు చీటీ లేకుండా ఇవ్వకూడదు. కొద్ది వారాలకే అలవాటవుతాయి, తర్వాత అవి లేకపోతే నిద్రే రాదు. ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లు హఠాత్తుగా మానినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు.

షాక్ ట్రీట్‌మెంట్ ఇస్తామన్నారు. సినిమాల్లో చూసి భయమేస్తోంది.

ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందిచ్చి చేస్తారు. మత్తు లేకుండా చేయడం చట్టవిరుద్ధం. తిండీ నీళ్లూ మానేసిన తీవ్ర డిప్రెషన్‌లో ప్రాణం నిలబెట్టే చికిత్స ఇది. ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని చెదరవచ్చు.

## యోగా, ధ్యానం, ఆయుర్వేదం, దీక్షలు

యోగా మొదలుపెట్టాను. మందులు మానేయొచ్చా?

మందుతో పాటు యోగా చేస్తే డిప్రెషన్, ఆందోళన తగ్గడానికి తోడ్పడుతుందని పరిశోధనలున్నాయి. మందుకు బదులుగా అని కాదు. స్వల్ప స్థాయి దిగులు, ఆందోళనల్లో వారానికి 150 నిమిషాల వేగం నడక, యోగా, మాటల వైద్యం ఇవే సరిపోవచ్చు. తీవ్ర స్థాయిలో మనిషి చాప పరుచుకోవడానికే లేవలేడు, అప్పుడు "నువ్వు యోగా చేయట్లేదు, అందుకే" అనడం క్రూరత్వం. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన శ్వాసలు పానిక్ ఉన్నవాళ్లకి దడ తెప్పిస్తాయి. గర్భిణులు, బీపీ ఎక్కువున్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకపోవడం మేలు. నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదిలే ఊపిరి ఎవరికైనా భద్రం.

కళ్లు మూసుకుని ధ్యానానికి కూర్చుంటే మనసు నిలవకపోగా భయం పెరుగుతోంది. నాలో లోపమా?

లోపం కాదు. గాయపడ్డ మనసుకి నిశ్శబ్దం విశ్రాంతి కాదు, ఆ జ్ఞాపకాలన్నీ లోపలికి వచ్చే తలుపు. కళ్లు తెరిచే చేయండి. బియ్యం ఏరుతూ, ముగ్గు వేస్తూ, మల్లెపూలు కడుతూ వేళ్ల కదలిక మీదే దృష్టి పెట్టండి. ఐదు నిమిషాలు చాలు. అప్పటికీ ఒళ్లు వణుకుతుంటే ఆపేసి, లేచి నడవండి.

విపశ్యన పది రోజుల శిబిరానికి వెళ్దామనుకుంటున్నాను. డిప్రెషన్‌కి మంచిదేనా?

విపశ్యన ధ్యానం నేర్పిన గోయెంకా గారి పరంపరలో హైదరాబాద్ శివార్లలో ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున కేంద్రాలున్నాయి. రుసుము లేదు, విరాళాలతో నడుస్తాయి. పది రోజులు మౌనం, రోజుకు సుమారు పది గంటల ధ్యానం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎంతోమందికి అది గొప్ప అనుభవం. కానీ అది చికిత్సా శిబిరం కాదు, ఆ కేంద్రాలే అలా చెప్పుకోవు. దరఖాస్తులో మానసిక జబ్బుల చరిత్ర అడుగుతారు. మందులు వాడుతున్నామని రాస్తే సీటు రాదేమోనని దాచిపెట్టి, వెళ్లేముందు మాత్రలూ మానేసి వెళ్లేవాళ్లున్నారు. నన్నడిగితే అంతకంటే ప్రమాదం లేదు. తీవ్ర డిప్రెషన్ నడుస్తున్నప్పుడు, సైకోసిస్, బైపోలార్ ఉన్నప్పుడు పది రోజుల మౌనం మనిషిని ఇంకా లోతుకు తోసేయగలదు. కుదుటపడి కొన్ని నెలలయ్యాక, డాక్టరుకి చెప్పి, దరఖాస్తులో నిజం రాసి వెళ్లండి.

అయ్యప్ప మాల వేసుకోవచ్చా? మాలలో ఉండగా మాత్రలు వేసుకోవచ్చా?

కార్తీకమాసం దగ్గరపడుతుంటే తప్పకుండా వచ్చే ప్రశ్న. నిస్సంకోచంగా వేసుకోవచ్చు, మాత్రలూ వేసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు మానమని ఏ గురుస్వామీ చెప్పడు, ఇవీ అలాంటివే. నిజానికి 41 రోజుల దీక్షలో మనసుకి మేలు చేసేవి చాలా ఉన్నాయి. తెల్లవారుజామునే లేవడం, స్నానం, నలుగురితో భజన, మందు సీసా ముట్టకపోవడం, అందరూ "స్వామీ" అని పిలవడం. తాగుడుతో కుంగిపోయిన మనిషి ఆ 41 రోజులు నిటారుగా నడవడం చూశాను. మాల తీసిన రోజే మళ్లీ షాపు ముందు నిలబడటమూ చూశాను, అందుకే మాల తీసే ముందే డీ అడిక్షన్ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోమంటాను.

జాగ్రత్తలు కొన్ని. ఒంటిపూట భోజనమైతే మాత్ర వేళలు మార్చమని ముందే అడగండి. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లు నీళ్లు తగ్గించకూడదు, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పాళ్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. రంజాన్ ఉపవాసాలకీ, మే నెల ఎండలకీ ఇదే మాట. బైపోలార్ ఉన్నవాళ్లు శివరాత్రి జాగరణ చేయకండి. ఒక్క రాత్రి నిద్ర లేకపోవడమే మేనియాను, అంటే ఆ అతి ఉత్సాహపు దశను, రాజేయగలదు. దీపం పెట్టి, దండం పెట్టుకుని పడుకోండి.

ఆయుర్వేదంలో మనసుకి వైద్యం లేదా? అశ్వగంధ వాడుతున్నాను.

ఉంది. చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా చెబుతుంది: మంత్రం, పూజలతో చేసేది దైవవ్యపాశ్రయం, ఔషధం, ఆహారంతో చేసేది యుక్తివ్యపాశ్రయం, హానికరమైన విషయాల నుంచి మనసును మళ్లించి నిగ్రహించేది సత్త్వావజయం. ఒకదాన్ని ఇంకొకటి కొట్టేయదు, నాకు నచ్చేది అదే. అశ్వగంధ సహజమైనది కాబట్టి హాని లేదనుకోవద్దు. థైరాయిడ్ మీద ప్రభావం చూపవచ్చు, అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి, నిద్రమందులతో కలిస్తే మగత పెరుగుతుంది. ఇద్దరు వైద్యులకూ రెండు చీటీలూ చూపించండి.

చర్చికి వెళ్తే, గుడికి వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. అది చాలదా?

వెళ్లండి. నలుగురితో కూర్చోవడం, ఒకరు మన పేరు చెప్పి ప్రార్థించడం మనిషిని నిలబెడతాయి. "విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకు" అనే గురువు, పాస్టరు, బాబా ఎవరైనా సరే, ఆ ఒక్క మాట వినకండి.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

పెళ్లి చేస్తే కుదుటపడుతుందని పెద్దవాళ్లంటున్నారు. చేసేయమా?

చేయకండి. పెళ్లి చికిత్స కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్ర చెడటం, మందులు దాచుకోవాల్సి రావడం, ఇవన్నీ కలిసి జబ్బు తిరగబెట్టిన పెళ్లిళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. దాచి చేశారని తెలిసినరోజు రెండు కుటుంబాలూ వీధిన పడతాయి, మొత్తం నింద ఆ పిల్ల మీదే పడుతుంది. నా మనసులో మాట ఇది: ముందు కుదుటపడనివ్వండి. ఏడాదిపాటు నిలకడగా ఉండి, తన మాత్ర తాను వేసుకుని, తన పని తాను చేసుకుంటూ, తనకే పెళ్లి కావాలనిపిస్తే అప్పుడు అవతలివాళ్లకు నిజం చెప్పి చేయండి. నిజం తెలిసి చేసుకున్న సంబంధాలు నిలబడటం చూశాను.

మా అబ్బాయి చచ్చిపోతానంటున్నాడు. సూటిగా అడిగితే ఆలోచన ఇంకా పెరగదా?

పెరగదు. "నాన్నా, చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన రాదు, ఒంటరిగా మోసే బరువు కాస్త దిగుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మాత్రల డబ్బాలు అతని చేతికందకుండా బయటికి పంపేయండి. ఆ తీవ్రత చాలామందిలో కాసేపే ఉంటుంది, ఆ కాసేపు దాటించడమే మన పని. అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి, లేదా 14416, 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసవుతుందని వెనకాడకండి. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి.

కోడలు ప్రసవమయ్యాక బిడ్డను ఎత్తుకోవట్లేదు. బద్ధకమా?

మొదటి రెండు వారాల్లో వచ్చిపోయే ఏడుపు చాలామంది బాలింతలకు ఉంటుంది. అది దాటినా ఉంటే ప్రసవానంతర డిప్రెషన్. "బిడ్డ నాది కాదు, మార్చేశారు" అనడం, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన చెప్పడం, రెండు రాత్రులుగా నిద్రే లేకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. రాత్రి ఒక్కసారి పాలు బిడ్డకు ఇంకెవరైనా పట్టి ఆమెను వరసగా ఐదు గంటలు పడుకోనివ్వండి.

తమ్ముడు డాక్టరు దగ్గరికి రానంటున్నాడు. సాంబారులో మాత్ర కలిపేయనా?

ఈ ప్రశ్న అడిగే అక్కల కళ్లలో నేను ద్రోహం చూడలేదు, అలసటే చూశాను. అయినా వద్దు. తెలిసిపోయిన రోజు అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అతని అనుమానం నిజమైపోతుంది, ఆ తర్వాత మీ చేతి ముద్ద తినడు. "నీకు పిచ్చి, పద" అనకుండా "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అనండి. నిద్ర, తలనొప్పి అతనికీ బాధే, అక్కడ ఒప్పుకుంటాడు. ముందు మీరొక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడవచ్చు. తనకో ఇతరులకో హాని జరిగేలా ఉంటే అతని ఒప్పుదల లేకుండా కూడా చేర్పించడానికి చట్టంలో దారి ఉంది, నామినేటెడ్ ప్రతినిధి ద్వారా, అంటే రోగి తరఫున నిలబడే మనిషి ద్వారా.

## తగ్గుముఖం పట్టాక

బాగైపోయాను. ఎప్పుడు ఆపాలి?

బాగున్నాననిపించిన రోజు ఆపేది కాదు. పండగ, పరీక్ష, ఉద్యోగం మారడం, ఇల్లు మారడం లాంటివి ఏవీ లేని ప్రశాంతమైన నెల చూసుకుని, డాక్టరుతో కలిసి తగ్గించడం మొదలుపెట్టండి. థెరపీ కూడా అంతే. వారానికొకసారి వచ్చేవాళ్లు పదిహేను రోజులకు, తర్వాత నెలకు మారి, ఆపై అవసరమైతే రావచ్చన్న ధైర్యంతో వెళ్తారు.

మళ్లీ వస్తే ఎలా తెలుస్తుంది?

ప్రతి మనిషికీ ముందస్తు గుర్తులు వేరు. ఒకావిడకి పూజగదిలో దీపం పెట్టడం మానేయడం, ఒక కుర్రాడికి గడ్డం పెరగడం, ఒకాయనకి ఫోన్ సైలెంట్‌లో పడేయడం. బాగున్నప్పుడే కూర్చుని మీ మూడు గుర్తులు ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ఒకరి చేత కూడా రాయించండి, వాళ్లకి కనిపించేవి వేరుగా ఉంటాయి. కింద డాక్టరు నంబరు, మాత్రల పేర్లు, మోతాదులు, 14416 రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. మూడింట్లో రెండు గుర్తులు వారం రోజులు కనిపిస్తే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఏడుపు వచ్చేదాకా ఆగక్కర్లేదు.